హాస్టల్ నిండా జనమే, మాట్లాడ్డానికి మాత్రం ఎవడూ లేడు (సెకండ్ ఇయర్, తెలిసినోళ్ళు ఎవరైనా చెప్పండి)

లంకకుర్రోడు | శనివారం రాత్రి 1:52

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాసింది లేదు. పేరూ ఊరూ మాత్రం అడక్కండి, మా వైపు ఎవరబ్బాయివి అని మొదలెడితే రెండో ప్రశ్నకే తాతగారి పేరు లాగేస్తారు. ముమ్మిడివరం దగ్గర ఒక లంక, కాలేజీ ఏమో కాకినాడకి గంట దూరం, ఈసీఈ సెకండ్ ఇయర్.

ఇంటర్ లో ఇలా లేదండి. అక్కడ పొద్దున్న 5 నుంచి రాత్రి 10 దాకా స్టడీ అవర్లు, బాగున్నానా లేదా అని చూసుకునే ఖాళీ కూడా ఇవ్వలేదు. ఇక్కడ ఎవడూ ఏమీ అనడు, క్లాసుకి ఎళ్ళినా ఒకటే ఎళ్ళకపోయినా ఒకటే. రూమ్మేట్స్ ఇద్దరూ సీఎస్ఈ, వాళ్ళ బ్యాచ్ వాళ్ళకుంది, చెడ్డోళ్ళేం కాదు, బిర్యానీకి ఎళ్తా ఎళ్తా వస్తావేంట్రా అంటారు, రానంటానని తెలిసే అంటారు. మెస్ కి ఎళ్ళడం తగ్గించేశా, ప్లేటు పట్టుకుని ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలా అని చూసుకుంటా నిలబడ్డం కంటే రూములో బిస్కెట్లు నయం. తెల్లారుజాము దాకా ఫోను, మధ్యాహ్నానికి లేవడం, ఫస్ట్ ఇయర్ సబ్జెక్టులు రెండు ఉండిపోయాయి, ఈ సెమ్ అటెండెన్సు 70 లోపే ఉంది. క్రికెట్ అంటే ప్రాణం నాకు, ఇప్పుడు స్కోరు కూడా చూడబుద్ధి కావట్లేదు.

అమ్మ రోజూ 8కి ఫోన్ చేస్తది. తిన్నావా నాన్నా. తిన్నానమ్మా. ఏం కూర. నిన్న ఏం చెప్పానో గుర్తుండదు కదా అందుకని రోజూ దొండకాయే చెప్తున్నా. నాన్న మస్కట్ లో తాపీ పని. మొన్న వరదకి ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు మా కాజ్‌వే మునిగిపోయింది, అమ్మ ఒక్కతే గేదెని ఏటిగట్టు మీదకి తోలుకెళ్ళి రాత్రంతా అక్కడే కూర్చుంది. అలాంటావిడకి నాకు మనసు బాలేదమ్మా అని ఏ నోటితో చెప్పమంటారు.

ఇంకోటి. పడుకునేటప్పుడు, పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తంది. ఏదో చేసుకోవాలని కాదు. అనిపిస్తది అంతే.

పెసరట్టుప్మా | శనివారం రాత్రి 2:06

తమ్ముడూ మెలకువగానే ఉన్నావా. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు నీ చివరి లైను గురించి. సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకు, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్త మాట. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుందా? ఎలా అని ఎప్పుడైనా అనుకున్నావా? ఇప్పుడు రూములో పక్కన ఎవరున్నారు?

ఏదో ఒకదానికి అవును అనేలా ఉంటే ఇక్కడ టైపు చెయ్యకుండా 14416 కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలెట్టింది, 24 గంటలూ ఉంటది, డబ్బులు కట్టవ్, తెలుగులోనే మాట్లాడతారు. లేదంటే పక్కన పడుకున్న సీఎస్ఈ గాణ్ణి లేపు. బిర్యానీకి పిలిచేవాడు లేవమంటే లేస్తాడు.

నేను హైదరాబాద్ లో నైట్ షిఫ్టు, ఇక్కడే ఉంటా. రిప్లై పెట్టు.

లంకకుర్రోడు | శనివారం రాత్రి 2:19

ఉన్నానన్నా. ఎలా అని అనుకోలేదు, నిజంగా. అలసిపోయినట్టుంది అంతే. ఒకడున్నాడు రూములో, గురక పెడతన్నాడు.

పెసరట్టుప్మా | శనివారం రాత్రి 2:23

గురక వినపడే రూములో నిద్ర రాదంటే సగం కారణం దొరికేసింది ఆయ్. సరే, ఆ ఆలోచన ఏమాత్రం ముదిరినా ఆ నంబరు, ఆ గురక, రెండూ గుర్తు పెట్టుకో. ఫోన్ లో ఇప్పుడే సేవ్ చెయ్, అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు.

తణుకుబుల్లోడు | ఆదివారం ఉదయం 7:40

బ్రో సింపుల్. పొద్దున్నే 5కి లే, జిమ్ లో జాయిన్ అవ్వు, ఆంజనేయస్వామి గుడికి ఎళ్ళి ప్రదక్షిణాలు చెయ్, రీల్స్ డిలీట్ చెయ్. నెలలో సెట్. ఇవన్నీ ఖాళీగా ఉంటే వచ్చే ఆలోచనలు. మన గోదారోళ్ళకి డిప్రెషన్ ఏటి బ్రో, నవ్వి నవ్వించే జాతి మనది.

కాకినాడక్క | ఆదివారం ఉదయం 8:15

తణుకు గారూ, 5కి లేవగలిగితే అతను ఇక్కడ రాసేవాడే కాదు. పక్క మీంచి లేచి స్నానానికి ఎళ్ళడమే పెద్ద పనైపోయినోడికి జిమ్ ఫీజు కట్టమంటే, కట్టి, రెండ్రోజులు ఎళ్ళి, మానేసి, నేను ఇదీ చెయ్యలేకపోయాను అని ఇంకో బరువు ఎత్తుకుంటాడు. గుడికి ఎళ్ళబుద్ధి అయితే ఎళ్ళనివ్వండి, మంచిదే, నేనూ ఎళ్తా. డాక్టర్ దగ్గరికి పోకుండా గుడికి పొమ్మంటేనే గొడవ.

ఇక నవ్వి నవ్వించే జాతి గురించి. మా హాస్టల్లో అందర్నీ ఎటకారాలాడి నవ్వించేది నేనే. ఎంటెక్ రెండో ఏడు మాత్రలు వాడుతూ కూడా నవ్వించా. ఆ ఎటకారం పక్కనోళ్ళకి కనపడేది, ఎనకాల ఉన్నది ఎవరికీ కనపడేది కాదు.

మోడరేటర్ | ఆదివారం ఉదయం 9:02

చిన్న మాట. కాలేజీల పేర్లు, డాక్టర్ల పేర్లు, మాత్రల పేర్లు, డోసులు రాయకండి, రాస్తే తీసేస్తా. మిగతాది కొట్టుకోండి.

పీజీ_పిల్ల | ఆదివారం ఉదయం 10:30

లంకకుర్రోడు గారూ, నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నా, ఏ ఊరో నేనూ చెప్పను. ఇక్కడ రాసింది చూసి జబ్బు పేరు పెట్టను, పెట్టేవాళ్ళని నమ్మకండి. కానీ మీరు రాసినవన్నీ మేం ఓపీలో వరసగా అడిగేవే, నిద్ర తప్పడం, తిండి తగ్గడం, ఇష్టమైన క్రికెట్ మీద ఇష్టం పోవడం, అలసట, లేవకపోతే బాగుండు అనే ఆలోచన. రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే చూపించుకోవాల్సిందే, ఇది క్యారెక్టర్ సమస్య కాదు.

కాకినాడ జీజీహెచ్ లో, అదే గవర్నమెంటు పెద్దాస్పత్రిలో, సైకియాట్రీ ఓపీ ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీ ఆస్పత్రే అది. పొద్దున్నే ఎళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి, ఆధార్ పట్టుకెళ్ళండి. జూనియర్ ఎవరో ముందు అన్నీ అడుగుతారు, తర్వాత పెద్ద డాక్టర్ గారు చూస్తారు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా, మందు తాగుతారా, ఇలాంటివి అడుగుతారు, తీర్పు చెప్పడానికి కాదు, చిట్టాలో రాసుకోవాలి. థైరాయిడ్, బీ12, రక్తం తక్కువుందా అనేవి చూడమనొచ్చు, ఎందుకంటే థైరాయిడ్ తక్కువైనా ఇలాగే నీరసంగా దిగాలుగా ఉంటుంది.

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యే సంగతి ఒకటి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ సబ్జెక్టులో పీజీ చేసిన డాక్టర్, మందులు రాసేది వాళ్ళు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, కూర్చోబెట్టి థెరపీ చేస్తారు, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగొచ్చు, అడిగితే నిజమైనవాళ్ళు కోప్పడరు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోగలరు, కాస్త చూసుకోండి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి కొనుక్కోవడం అస్సలు వద్దు, దానికి అలవాటు పడితే ఇంకో సమస్య.

లంకకుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 12:10

థాంక్సండి డాక్టర్ గారు. జీజీహెచ్ అంటే భయం ఎందుకంటే మా పెద్దమ్మ గారి కోడలు అక్కడే స్టాఫ్ నర్సు. సైకియాట్రీ దగ్గర నన్ను చూసిందంటే సాయంత్రానికి మా లంకకి కబురెళ్ళిపోద్ది, పడవలో వచ్చే చేపలోళ్ళకి కూడా తెలిసిపోద్ది. ఇంకోటి, చచ్చిపోవాలనిపిస్తందని డాక్టర్ తో చెప్తే పోలీస్ కేసు అవుద్దంట, మా సీనియర్ అన్నాడు.

పీజీ_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 12:44

సీనియర్ కి నా తరఫున ఒక నమస్కారం పెట్టండి. ఆలోచన వస్తుందని చెప్తే కేసు ఎందుకవుద్దండీ? రోజుకి ఎంతమంది చెప్తారో. ప్రయత్నం చేసి బతికినవాళ్ళ విషయంలో కూడా 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ఏమంటుందంటే, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే ముందు అనుకోవాలి, శిక్షించకూడదు, పైగా వైద్యం, సాయం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అదే చట్టంలో మీ వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఉంది, కాలేజీకి ఎవరూ ఫోన్ చెయ్యరు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఇంట్లో ఒకరికి చెప్పి తీరాలంటాం, అది దాచను.

మీ పెద్దమ్మ గారి కోడలు కనపడితే నిద్ర పట్టట్లేదు వదినా, తలనొప్పి, చూపించుకోడానికొచ్చా అనండి. అబద్ధం కూడా కాదు.

కాకినాడక్క | ఆదివారం మధ్యాహ్నం 1:20

ఈ జిల్లాల్లో తెలిసినోళ్ళు లేని చోటు కావాలంటే 14416 ఒక్కటే. అటు ఏలూరు ఇటు తుని, ఎక్కడికెళ్ళినా బస్సులో పక్క సీటోడు మనకి వరసకి బాబాయి అవుతాడు. అసలు సమస్య కూడా అదే అనిపిస్తది నాకు, తిన్నావా, ఎప్పుడొచ్చావ్, మార్కులెన్ని, ఇన్ని అడుగుతారు కదా, ఒక్క నిజం చెప్తే అది ఎన్ని ఇళ్ళు తిరిగొస్తదో తెలుసు కాబట్టి నోరు మూసుకుంటాం. సిటీలో ఒంటరితనం వేరు, ఇక్కడ చుట్టాల మధ్య కూర్చుని ఒంటరిగా ఉండటం వేరు. అందుకే ముందు మొహం తెలియనోళ్ళతో మొదలెట్టు తమ్ముడూ. పేరు మార్చి చెప్పు, ఊరు చెప్పకు, గేదె గురించి కూడా చెప్పకు.

రామచంద్రపురం_మాస్టారు | ఆదివారం సాయంత్రం 5:05

అబ్బాయ్, నేను రిటైరైన లెక్చరర్ని. మా రోజుల్లో కాలవ గట్టున సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి పోయేవాళ్ళం, సాయంత్రం అరుగు మీద పదిమంది చేరేవాళ్ళం, ఒంటరితనం అనే జబ్బు పేరే వినలేదు. ఈ ఫోన్లొచ్చాకే ఇదంతా. అరచేతిలో లోకం పెట్టుకుని పక్కవాడి పేరు తెలియదంటారు.

కాకినాడక్క | ఆదివారం సాయంత్రం 5:31

మాస్టారూ, నమస్కారం. మీ రోజుల్లోనూ ఉన్నారండి, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు, లేకపోతే చదువు తలకెక్కి మతి పోయిందనేవారు. మా తాతగారి తమ్ముడే ఉన్నారు అలాగ, అరుగు మీద పదిమందిలో ఆయనా కూర్చునేవారు, మాట్లాడేవారు కాదంతే.

రామచంద్రపురం_మాస్టారు | ఆదివారం సాయంత్రం 6:48

సరేనమ్మా, వాదన పెంచను. కుర్రాడికి పనికొచ్చేది చెప్తాను. జేఎన్‌టీయూ కాకినాడ కింద కాలేజీలకి 75 శాతం అటెండెన్సు ఉండాలి, 65 నుంచి 75 మధ్యలో ఉంటే వైద్య కారణాల మీద కండొనేషన్, అంటే తగ్గిన హాజరుని మన్నించడం ఉంది, ఫీజు కట్టించుకుంటారు. 65 లోపు పడితే డిటెన్షనే, ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. కాబట్టి అబ్బాయ్, 70 లోపు అంటే ఎంత ఉందో ముందు కచ్చితంగా కనుక్కో, 66కీ 64కీ ఒక ఏడాది తేడా. సర్టిఫికెట్టు మనసు డాక్టరు ఇచ్చినా డాక్టరు సర్టిఫికెట్టే. జబ్బు వివరంగా రాయకుండా మా దగ్గర చికిత్స తీసుకుంటున్నాడు అని మాత్రం రాసివ్వమని అడుగు.

ఇంకో సంగతి. విశాఖలో నీట్ కోచింగ్ అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలి. హాస్టళ్ళలో హెల్ప్‌లైన్ నంబర్లు కనపడేలా రాసి పెట్టాలి. మన కాలేజీల సంగతి నాకు తెలుసు, ఉన్న లెక్చరర్లకే తలా ఇరవై మందిని అప్పజెప్పి మెంటర్ అంటారు, రిజిస్టర్లో సంతకం తీసుకుంటారు, పిల్లాడి మొహం చూడరు. అయినా అడగండి. నలుగురు కలిసి ప్రిన్సిపాల్ కి కాగితం రాసివ్వండి, అడిగినట్టు రికార్డు ఉంటుంది.

రాజోలు_అమ్మ | ఆదివారం రాత్రి 8:40

బాబూ, నాకు ఇవన్నీ రాయడం రాదు, మా అమ్మాయి చేత టైపు చేయిస్తన్నా. రోజూ దొండకాయ అంటే మీ అమ్మకి ఎప్పుడో తెలిసిపోయుంటది నాయనా. ఏ హాస్టలోడు రోజూ దొండకాయ పెడతాడు, వాడికి మాత్రం బుద్ధుండొద్దా. ఏం కూర అని అడిగేది కూర కోసం కాదు, గొంతు ఎలా ఉందో విందామని. గట్టిగా అడిగితే ఇంకా దాచేస్తావని ఊరుకుంటది. వరదలో గేదెని గట్టెక్కించి రాత్రంతా కాపలా కాసినావిడ నీ మాట మొయ్యలేదా?

డిప్రెషను అవీ ఆ మాటలు వద్దు, భయపడిపోద్ది. నిద్ర పట్టట్లేదమ్మా, తినబుద్ధి కావట్లేదు, డాక్టరు గారికి చూపించుకుంటా అను. నాన్నకి చెప్పకే అని మాత్రం అనకు, అంటే ఆవిడ ఒక్కతే మొయ్యాలి.

మస్కట్_మావయ్య | ఆదివారం రాత్రి 11:15

ఆ చివరి మాటకి నేనొకటి కలుపుతా. అల్లుడూ, నేనూ మీ నాన్నున్న ఊళ్ళోనే, మాది అంబాజీపేట వైపు. మీ నాన్న ఎవరో నాకు తెలీదు, తెలిసినా అడగను. క్యాంపు రూములో ఎనిమిది మంది ఉంటాం, ఎవడి ఫోను వాడిది, ఎవడి గోడ వాడిది. ఒక గదినిండా మనుషులుండి మాట పెగలకపోవడం అంటే మీ నాన్నకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లా. శుక్రవారం సెలవు మాకు, మధ్యాహ్నం పడుకుని లేచాక చెయ్యి ఫోను. డబ్బుల సంగతి, సబ్జెక్టుల సంగతి మాత్రం మొదటి ఫోన్లో ఎత్తకు, ఆయన వెంటనే ఓవర్‌టైమ్ లెక్కల్లోకి ఎళ్ళిపోతాడు, నీ మాట ఎక్కడిదక్కడే ఉండిపోద్ది.

తణుకుబుల్లోడు | సోమవారం ఉదయం 9:10

నేను చెప్పింది మరీ అంత తీసిపడేసేదేం కాదులెండి, ఎక్సర్‌సైజ్ మంచిదని డాక్టర్లే చెప్తారు.

పీజీ_పిల్ల | సోమవారం మధ్యాహ్నం 2:00

చెప్తాం. కాకపోతే డోసు తగ్గించి చెప్తాం. మూడ్ వచ్చాక చేద్దాం అనుకుంటే రాదు, కొంచెం చేస్తే కొంచెం వస్తుంది, ఇలా పని అవుతుంది ఇది. కాబట్టి 5కి లేవడం కాదు, ఎప్పుడు పడుకున్నా రోజూ ఒకే టైముకి లేవడం, 9 అంటే 9. లేచాక పావుగంట ఎండలో నడక. ఫోన్ ఛార్జర్ మంచానికి దూరంగా. మెస్ కి రోజులో ఒక్కపూటైనా, జనం తక్కువుండే టైములో. ఇంత చిన్నవా అనిపించాలి, అప్పుడే చేస్తారు. మధ్యాహ్నం నిద్ర ఆపితే రాత్రి నిద్ర కొంచెం దారికొస్తుంది.

లంకకుర్రోడు | గురువారం రాత్రి 10:25

ఆలస్యమైంది, అందరికీ సారీ. ఆదివారం రాత్రే 14416 కి చేశా. టెర్రస్ మీదకి ఎళ్ళి, వాటర్ ట్యాంకు పక్కన. ముందు భాష నొక్కమంటది, తర్వాత ఒక మేడం ఎత్తారు. ఏం చెప్పాలో తెలీక మొదట ఎటెండెన్సు గురించి చెప్పా, నవ్వొస్తంది ఇప్పుడు. ఆవిడ తొందరపెట్టలేదు, తర్వాత నాకు తెలీకుండానే ఏడుపొచ్చేసింది, ఇంటర్ తర్వాత ఏడ్చింది లేదు. పెసరట్టు అన్న అడిగినవే ఆవిడా అడిగారు, ఎలా అని అనుకున్నావా, దగ్గర ఏమైనా పెట్టుకున్నావా అని. లేదన్నా. హాస్పిటల్ కి ఎళ్ళమని గట్టిగా చెప్పారు, మళ్ళీ ఎప్పుడైనా చెయ్యొచ్చన్నారు.

సోమవారం ఎళ్దామనుకున్నా, ఎళ్ళలేదు. మంగళవారం గురకగాడికి చెప్పా. సైకియాట్రీ అనే చెప్పా, తలనొప్పి అనలేదు. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కాకినాడ అంటే భానుగుడి సెంటర్లో దిగాలా మరి అన్నాడు. వచ్చాడు కూడా. బస్సులో దారంతా గేమ్ ఆడుకుంటానే ఉన్నాడు, నాకు అదే బాగుంది, ఏమైంది ఏమైంది అని అడిగుంటే దిగిపోయేవాణ్ణి.

లైను చాలా ఉంది. మా వదిన కనపడలేదు. పక్కన కూర్చున్నోళ్ళంతా మామూలోళ్ళే, ఒక బ్యాంకాయన, కొత్తగా పెళ్ళైన అమ్మాయి వాళ్ళమ్మతో, అయినవిల్లి నుంచి వచ్చిన తాతగారు, నాది ఏ ఊరని ఆయన అడగనే అడిగాడు. పక్క ఊరి పేరు చెప్పా. బ్లడ్ టెస్టులు రాశారు, ఒక రకం మాత్రలు రాశారు, రెండు వారాలకి రమ్మన్నారు. అటెండెన్సు 67 ఉంది మాస్టారూ, ఆఫీసులో అడిగా.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇవాళ బెండకాయ అని చెప్పా. నిజంగా బెండకాయే.

పెసరట్టుప్మా | గురువారం రాత్రి 11:02

భానుగుడి సెంటర్ రూమ్మేట్ కి నా తరఫున ఒక బిర్యానీ, జీతం పడ్డాక.

లంకకుర్రోడు | తర్వాతి వారం, బుధవారం సాయంత్రం 6:30

ఒక డౌట్. మాత్రలు వేసుకుంటన్నా, ఏమీ తేడా లేదు. పైగా పొద్దున్నే కడుపులో తిప్పతంది. ఆపేసి చూద్దామనుకుంటన్నా, వీటికి అలవాటు పడిపోతారని క్లాసులో ఒకడు అన్నాడు. మొదటి రెండ్రోజులు ఏదో జరుగుద్దని ఎదురుచూశా, ఇప్పుడు మళ్ళీ రాత్రిళ్ళు అలాగే ఉంది.

పీజీ_పిల్ల | బుధవారం సాయంత్రం 7:15

ఆపకండి. మీకు ఏం రాశారో నాకు తెలీదు, మీ చీటీ చూసిన డాక్టర్ మాటే ఫైనల్. మామూలుగా ఈ పరిస్థితికి రాసే ఎస్ఎస్ఆర్ఐ రకం (డిప్రెషన్ కి ఇచ్చే ఒక రకం) మాత్రలు పని కనపడ్డానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి 6 దాకా పడుతుంది, ఇబ్బందులేమో మొదటి వారంలోనే కనపడతాయి. ఎక్కువమందికి ఆ తిప్పడం దానంతటదే తగ్గుతుంది, తిన్నాక వేసుకోవచ్చా అని అడగండి. ఇవి నిద్రమాత్రల్లా అలవాటయ్యే రకం కాదు, కానీ టక్కున ఆపేస్తే తల తిరగడం, చిరాకు వస్తాయి, అందుకని ఆపేటప్పుడు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ముఖ్యమైంది ఇది. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి మొదలెట్టిన కొత్తలో అశాంతి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొంచెం ఉంటుంది, అందుకే తొందరగా మళ్ళీ రమ్మంటాం. అలా అనిపిస్తే రెండు వారాలు అయ్యేదాకా ఆగొద్దు, మర్నాడే ఎళ్ళండి, రాత్రయితే క్యాజువాలిటీ. మీరు రాత్రిళ్ళు అలాగే ఉంది అన్నారు, అలాగే అంటే అంతేనా, ఎక్కువైందా?

లంకకుర్రోడు | బుధవారం రాత్రి 8:50

ఎక్కువ కాదండి. అంతే. ఆపను సరే.

కాకినాడక్క | బుధవారం రాత్రి 9:30

నాకు పని చేసిన రోజు ఏదో నాకే తెలీదు తమ్ముడూ. ఒకరోజు మా హాస్టల్ పప్పులో ఉప్పు లేదని గొడవ పెట్టుకున్నా, అప్పుడు మా ఫ్రెండ్ అంది, ఏటే చాన్నాళ్ళకి తిట్టావ్ అని. అంతకుముందు నెలల తరబడి ఉప్పుందో లేదో కూడా నాకు తెలిసేది కాదు. కాబట్టి ఏదో వెలుగొస్తదని చూడకు. నీ వరకు స్కోరు చూడబుద్ధి అయితే చెప్పు.

మొదట వేసిన మాత్ర నాకు పడలా, మార్చారు. అది కూడా మామూలే, డాక్టర్ కి వైద్యం రాదని కాదు, మనకి ఇక తగ్గదనీ కాదు.

దాళ్వాపిల్ల | శుక్రవారం ఉదయం 6:55

ఈ థ్రెడ్ రెండుసార్లు చదివా. నాది కూడా ఇంచుమించు ఇదే, కానీ అమ్మాయిల హాస్టల్. అబ్బాయిలైతే బస్సెక్కి ఎళ్ళిపోతారు, మాకు ఔటింగ్ లెటర్, అందులో కారణం, పేరెంట్ కి ఫోను, వార్డెన్ గారి సంతకం. కారణం దగ్గర ఏం రాయాలి? సైకియాట్రీ అని రాస్తే సాయంత్రానికి మెస్ అంతా తెలుస్తది, ఇంటికి ఫోన్ ఎళ్తే నాన్న కాలేజీ మానిపించి సంబంధాలు చూస్తారు. నవ్వులాటకి కాదు, మా అక్కకి అలాగే చేశారు.

కాకినాడక్క | శుక్రవారం ఉదయం 7:20

హాస్పిటల్ అని రాయి, అంతే. ఏ డిపార్టుమెంటో రాయమని ఎక్కడా గడి ఉండదు. అడిగితే రక్తపరీక్ష అను, ఎలాగూ రాస్తారు. ఆడవాళ్ళ సమస్య అన్నా ఏ వార్డెనూ రెండో ప్రశ్న అడగదు. మేమందరం ఎప్పుడో ఒకప్పుడు వాడిందే అది. ఇంట్లో నాన్న కంటే ముందు చెప్పగలిగేది ఎవరైనా ఉన్నారా, ఆ అక్కే ఉందిగా? ఆవిడకంటే అర్థమయ్యేవాళ్ళు ఉండరు.

రామచంద్రపురం_మాస్టారు | శుక్రవారం ఉదయం 8:05

అమ్మాయ్, 18 నిండినదానివి, నీ వైద్యానికి నీ సంతకం చాలు. ఆస్పత్రిలో నాన్నని తీసుకురమ్మని పట్టుబట్టరు. హాస్టల్ వాళ్ళ ఫోను సంగతి వేరు, అది అక్కతో మాట్లాడి ఆవిడ నంబరు కూడా ఇప్పించుకో.

లంకకుర్రోడు | శుక్రవారం ఉదయం 8:30

దాళ్వాపిల్ల గారూ, తోడు ఒకళ్ళని తీసుకెళ్ళండి, ఎక్కువ మాట్లాడనోళ్ళని. ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోండి, వాటర్ బాటిల్ పట్టుకెళ్ళండి. డాక్టర్ ఎదురుగా కూర్చుంటే అన్నీ మర్చిపోతాం, నేను ముందే కాగితం మీద రాసుకెళ్ళా, నిద్ర, తిండి, ఎప్పట్నుంచి, ఇలాగ. చదివి వినిపించేశా, సిగ్గేసినా పనైపోయింది. ఆ కాగితం వాళ్ళే తీసుకుని చీటీకి పిన్ను కొట్టారు.

దాళ్వాపిల్ల | శుక్రవారం రాత్రి 9:45

అక్కతో మాట్లాడా. సోమవారం తనే వస్తానంది, పాపని అత్తగారి దగ్గర వదిలి. వార్డెన్ గారికి హాస్పిటల్ అని రాసిచ్చా, కంటి డాక్టరా అంది, ఊ అన్నా.

పీజీ_పిల్ల | శుక్రవారం రాత్రి 10:10

ఆ ఊ చాలు. సోమవారం రష్ ఎక్కువ, వీలైనంత పెందలాడే రండి. తిని రండి ఇద్దరూ, ఖాళీ కడుపుతో లైన్లో నిలబడి కళ్ళు తిరిగి పడిపోతే జనరల్ మెడిసిన్ వాళ్ళు లాక్కుపోతారు, మళ్ళీ మా దగ్గరికి రావడానికి ఇంకో చీటీ రాయించుకోవాలి.